సహారా కింద గ్యాస్ వయసు ఎంత? ఒక్కో ఫైల్‌లో ఒక్కోలా ఉంది

మారతహళ్ళి_మధు
నేను సాఫ్ట్‌వేర్ వాణ్ణి, రాళ్ల గురించి సున్నా. ఇక్కడ బెంగళూరులో మా టీమ్‌కి ఒక ఎనర్జీ క్లయింట్ పని వచ్చింది. అల్జీరియాలో హాసీ ర్మెల్ అనే పెద్ద గ్యాస్ ఫీల్డ్ ఉందట, దాని బావుల డేటా అంతా ఒక డాష్‌బోర్డ్‌లో చూపించాలి. అందులో 'వయసు' అని ఒక కాలమ్. ఒక ఫైల్‌లో ట్రయాసిక్ అని ఉంది, ఇంకో దాంట్లో సైలూరియన్, మూడో దాంట్లో క్రిటేషియస్. మొదటి రెండింటికే దాదాపు 20 కోట్ల ఏళ్ల తేడా! కాల్‌లో అడిగితే అవతలి జియాలజిస్ట్ 'మూడూ కరెక్టే' అని నవ్వి ఊరుకున్నాడు. మా మేనేజరేమో 'ఏదో ఒకటి పెట్టెయ్, శుక్రవారం డెమో' అంటున్నాడు. అసలు ఎడారి ఇసుక కింద గ్యాస్ ఎలా వచ్చింది? ఆ మూడు వయసులేంటి? ఎవరైనా తెలుగులో చెప్పి పుణ్యం కట్టుకోండి.

టీ_బ్రేక్
20 కోట్ల ఏళ్లు ఎటైనా జరుగుతాయి గానీ శుక్రవారం మాత్రం జరగదు.

వాట్సాప్_విజ్ఞాని
సింపుల్ బ్రో. డైనోసార్లు చచ్చి భూమిలో పూడిపోయి గ్యాస్ అయ్యాయి. డైనోసార్లు ఎప్పుడున్నాయో అదే వయసు.

బండరాయి
విజ్ఞాని గారూ, ఆ గ్యాస్‌కి మూలమైన జీవులు చచ్చిన 20 కోట్ల ఏళ్లకు గానీ డైనోసార్లు పుట్టలేదు.

మధు గారూ, మీ జియాలజిస్ట్ అన్నది నిజమే, విడమరిచి చెప్పాల్సింది. గ్యాస్ పుట్టిన రాయి ఒకటి, ఇప్పుడది నిలవున్న రాయి వేరొకటి, అక్కణ్ణుంచి ఇక్కడికి కదిలొచ్చిన కాలం ఇంకోటి. పుట్టింది సైలూరియన్ కాలపు నల్ల షేల్‌లో (బురద గట్టిపడి అయిన రాయి), ఆ రాయికి సుమారు 44 కోట్ల ఏళ్లు. నిలవున్నది ట్రయాసిక్ ఇసుకరాయిలో, దాని వయసు అందులో సగం. ఆ షేల్ లోతుకు కూరుకుపోయి, వేడికి ఉడికి, ఇప్పుడున్న గ్యాస్‌ని ఎక్కువగా వదిలింది జురాసిక్, క్రిటేషియస్ కాలాల్లో. కాబట్టి ఒక కాలమ్ సరిపోదు. సోర్స్ రాక్, రిజర్వాయర్, చార్జ్ అని మూడు పెట్టండి.

మారతహళ్ళి_మధు
ఇది చాలా నయం. మరి ఎడారిలో నల్ల షేల్ ఎక్కణ్ణుంచి వచ్చింది? సముద్రంలో కదా ఏర్పడేది?

బండరాయి
సముద్రంలోనే. ఆ సముద్రం కన్నా ముందు మంచు ఉండేది. ఆర్డోవిషియన్ చివర్లో, అంటే సుమారు 44.5 కోట్ల ఏళ్ల కింద, ఇప్పటి సహారా దక్షిణ ధ్రువానికి దగ్గర్లో ఉంది. ఉత్తర ఆఫ్రికా చాలా భాగం మీద హిమానీనదాలు. ఆ మంచు పలకలు రాయిని గీసుకుంటూ పోయిన గాట్లు అల్జీరియా ఆగ్నేయంలోని తస్సిలీ ప్రాంతంలో ఇప్పటికీ ఎండలో పడి ఉన్నాయి, చమురు కోసం సర్వే చేయడానికి వెళ్ళిన ఫ్రెంచ్ వాళ్ళు 1960లలో వాటిని గుర్తించారు.

మంచు కరిగింది, సముద్ర మట్టం పెరిగింది, నేల మునిగింది. గుంతల్లాంటి చోట్ల అడుగు నీళ్ళకి ఆక్సిజన్ అందలేదు. పైన బతికిన ప్లాంక్టన్, గ్రాప్టొలైట్ల లాంటి నీళ్ళలో తేలే చిన్న జీవులు చచ్చి అడుగున పడితే తినేవాళ్ళు లేరు, కుళ్ళకుండా అలాగే బురదలో పేరుకున్నాయి. ఆ బురదే ఈ షేల్. అందులో యురేనియం కూడా ఎక్కువ, అందుకే బావిలో గామా రే లాగ్ (రాయి నుంచి వచ్చే రేడియోధార్మికతను కొలిచే పరికరం) దింపితే ఆ పొర దగ్గర గీత ఒక్కసారి పైకి లేస్తుంది. మీ డేటాలో జీఆర్ అని ఒక కర్వ్ ఉంటుంది, చూడండి. కాకపోతే హాసీ ర్మెల్ బావుల్లో చాలా వాటిలో ఆ పొర దొరక్కపోవచ్చు, ఎందుకో తర్వాత చెప్తా. అల్జీరియా, లిబియాల్లో పాత రాళ్ల నుంచి వచ్చే చమురు, గ్యాస్‌లలో సింహభాగం ఈ షేల్‌దే.

సింగరేణి_శీను
సహారాలో మంచు అంటే ఆశ్చర్యపోకండి. మా గోదావరిఖని వైపు బొగ్గు పొరల కింద తల్చిర్ అని ఒక పొర ఉంటుంది. అందులో ఉన్న బండలు మంచు మోసుకొచ్చి పడేసినవే, సుమారు 30 కోట్ల ఏళ్ల నాటివి. మే నెలలో రామగుండంలో నిలబడి ఈ మాట చెప్తే కొడతారు.

గల్ఫ్_గోపాల్
మీరెన్ని చెప్పినా గ్యాస్‌కీ ఎడారికీ సంబంధం లేదంటే ఒప్పుకోను. సౌదీ, ఒమన్, ఖతార్, అల్జీరియా, తుర్క్‌మెనిస్తాన్. అన్నీ ఎడారులే. నేను మస్కట్‌లో పనిచేసి వచ్చినవాణ్ణి, కళ్ళారా చూశా.

పాశర్లపూడి_అబ్బాయి
గోపాల్ అన్నా, మా కోనసీమలో ఎడారి ఎక్కడుంది? కొబ్బరితోటలు, కాలవలు. 1995 జనవరిలో మా పాశర్లపూడి దగ్గర బావి బ్లోఔట్ అయి రెండు నెలల పైనే మండింది. రాత్రి పూట మా పెరట్లో వెలుగు. ఎడారి కావాలంటే మా ఊళ్ళో గ్యాస్ ఉండకూడదు.

గల్ఫ్_గోపాల్
అదొక్కటీ మినహాయింపు.

పాశర్లపూడి_అబ్బాయి
కృష్ణా-గోదావరి బేసిన్‌లోని కేజీ డీ6 గ్యాస్ ఫీల్డ్ సముద్రం అడుగున ఉంది. ఖతార్‌ది కూడా ఎక్కువ భాగం నీళ్ళ కిందే, ఇరాన్‌తో పంచుకుంటున్నారు. ఎన్ని మినహాయింపులు కావాలి?

వేళచ్చేరి_వాణి
నేను చెన్నైలో పెట్రోలియం ఇంజనీరింగ్ చదువుతున్నా. గోపాల్ గారి మాట పూర్తిగా కొట్టిపారెయ్యక్కర్లేదు. ఎడారి కావాలి, కానీ ఇప్పటిది కాదు. హాసీ ర్మెల్ గ్యాస్ మీద మూతగా ఉన్నది ఉప్పు, దాంతోపాటు అన్‌హైడ్రైట్ (అదీ సముద్రపు నీళ్ళు ఆవిరైతే మిగిలేదే). ట్రయాసిక్ చివర, జురాసిక్ మొదట్లో అక్కడ నేల సాగి కుంగుతోంది, సముద్రపు నీళ్ళు లోపలికి వచ్చేవి, ఎండకి ఆవిరయ్యేవి, మళ్ళీ వచ్చేవి. అలా వందల మీటర్ల ఉప్పు పేరుకుంది. వాతావరణం అంత పొడిగా లేకపోతే ఆ ఉప్పు లేదు, ఉప్పు లేకపోతే గ్యాస్ ఎప్పుడో పైకి పోయేది. అంటే 20 కోట్ల ఏళ్ల కిందటి ఎడారికి మనం థాంక్స్ చెప్పాలి.

గల్ఫ్_గోపాల్
వాణి గారు నా వైపే. లెక్క రాసుకోండి.

మారతహళ్ళి_మధు
ఉప్పు అంటే మనం కూరలో వేసే ఉప్పేనా? అది గ్యాస్‌ని ఎలా ఆపుతుంది?

వేళచ్చేరి_వాణి
అదే, హేలైట్. లోతులో ఒత్తిడికి ఉప్పు గట్టి రాయిలా పగలదు, చాలా మెల్లగా సాగుతుంది. ఎక్కడైనా చీలిక వస్తే దానంతటదే పూడుకుంటుంది. రంధ్రాలు దాదాపు ఉండవు. దీనికి మంచి సాక్ష్యం హీలియం. హాసీ ర్మెల్ గ్యాస్‌లో అది 0.2 శాతం లోపే ఉంటుంది గానీ గ్యాస్ పరిమాణం పెద్దది కాబట్టి అల్జీరియా దాన్ని విడదీసి అమ్ముతుంది. అంత చిన్న అణువే ఇన్ని కోట్ల ఏళ్లు తప్పించుకోలేదంటే ఆ మూత ఎలాంటిదో చూడండి.

డ్రిల్లింగ్_తాత
ఉప్పు మాట వచ్చింది కాబట్టి నేనూ రాస్తాను. ఇప్పుడు వైట్‌ఫీల్డ్‌లో మా అబ్బాయి దగ్గర ఉంటున్నాను, సర్వీసులో కొన్నేళ్లు అల్జీరియా రిగ్గుల మీద చేశాను. జియాలజిస్టులకి ఉప్పంటే ముద్దు, మాకు అదే శత్రువు. మామూలు నీళ్ళ మడ్‌తో (తవ్వేటప్పుడు బావిలో తిప్పే బురద ద్రవం) ఉప్పులో తవ్వితే బావి గోడ కరిగి గుహలా అయిపోతుంది. అందుకే ముందే ఉప్పుతో సంతృప్తం చేసిన మడ్, లేదంటే ఆయిల్ మడ్ వాడతాం. ఇక వాణమ్మ చెప్పిన ఆ సాగడం ఉంది చూశారూ, అది డ్రిల్ పైపుని పట్టేస్తుంది. తరవాత కేసింగ్‌ని, అంటే బావి గోడకి దించే ఉక్కు గొట్టాన్ని, నలిపేస్తుంది కూడా. ఉప్పు ఎదురుగా మందం ఎక్కువున్న కేసింగ్ దించి, సిమెంట్ బాగా పట్టేలా చూసుకోవాలి. అక్కడ కక్కుర్తి పడితే ఎప్పటికో ఒకప్పటికి వడ్డీతో కడతారు.

ఊర్గ్లా దగ్గర ఒక పాత బావి ఉండేది, హాసీ ర్మెల్‌ది కాదు, వేరే ఫీల్డు. సరిగ్గా మూయకుండా వదిలేశారు. పక్క పొరల్లో నీళ్ళు అందులోంచి ఉప్పులోకి దారి చేసుకుని లోపల కరిగించుకుంటూ పోయాయి. 1986లో పైన నేల కూలి పెద్ద గుంత పడింది.

టీ_బ్రేక్
ఇది చదివాక మా లేఅవుట్‌లో వదిలేసిన బోరుబావులు గుర్తొచ్చాయి తాతగారూ. 1,200 అడుగులు దించినా నీళ్ళు లేవు. ఇంకో 1,000 వేస్తే గ్యాస్ అయినా వస్తుందా?

బండరాయి
రాదు. బెంగళూరు కింద ఉన్నది పెనిన్సులర్ నైస్ అనే గట్టి రాయి. లాల్‌బాగ్‌లో జనం ఎక్కి సెల్ఫీలు దిగే గుట్ట అదే, వయసు 300 కోట్ల ఏళ్ల దాకా. మొక్క, జంతువు పేరుకున్న బురద పొర ఏదీ అందులో లేదు, గ్యాస్ నిలవడానికి సందులూ లేవు. నీళ్ళు కూడా పగుళ్ళలోనే దొరుకుతాయి, పగులు తగలకపోతే డబ్బులు బూడిదలో పోసినట్టే.

డ్రిల్లింగ్_తాత
సహారాలో నీళ్ళకి కరువు లేదు తెలుసా. హాసీ ర్మెల్ గ్యాస్‌కి చాలా పైన, ఇసుకరాళ్ల పొరల్లో సముద్రమంత మంచినీళ్ళు. అల్జీరియా, తునీసియా, లిబియా మూడు దేశాల కింద పరుచుకుని ఉన్నాయి, దాదాపు 10 లక్షల చదరపు కి.మీ. చాలా వరకు పాత వాన నీళ్ళే, కొత్తగా చేరేది తక్కువ. మేం రిగ్గు మీద ఆ నీళ్ళే తోడుకునేవాళ్ళం. ఇక్కడ మా అపార్ట్‌మెంట్‌లో ఎండాకాలం వస్తే ట్యాంకర్ కోసం ఎదురుచూపులు.

ఉప్మా_వ్యతిరేకి
అంటే ఎడారిలో నీళ్ళున్నాయి, బెంగళూరులో లేవు. నేను అద్దె ఎందుకు కడుతున్నానో అర్థం కావట్లేదు.

మారతహళ్ళి_మధు
బండరాయి గారూ, షేల్ హాసీ ర్మెల్ బావుల్లో దొరక్కపోవచ్చు అన్నారు. మరి గ్యాస్ ఎలా వచ్చింది? ఇంకో డౌట్. మా డేటాలో ఒకే కాంటాక్ట్‌కి (గ్యాస్, నీళ్ళు కలిసే సరిహద్దు అట) ఒక చోట 2,200 పైచిలుకు మీటర్ల లోతు ఉంది, ఇంకో చోట 1,500 అని ఉంది. ఏది తప్పు?

బండరాయి
రెండో దానితో మొదలుపెడతా, డెమో అక్కడే తగలబడుతుంది. ఏదీ తప్పు కాదు. ఒకటి రిగ్గు ఫ్లోర్ నుంచి కొలిచింది, ఇంకోటి సముద్ర మట్టం నుంచి. హాసీ ర్మెల్ నేల సముద్ర మట్టానికి సుమారు 750 మీటర్ల ఎత్తులో ఉంది, ఆ తేడాయే మీకు కనబడుతున్నది. మ్యాప్ గీసేటప్పుడు అన్నీ సముద్ర మట్టానికి మార్చుకోండి, లేకపోతే బల్లపరుపుగా ఉన్న గ్యాస్-నీళ్ళ సరిహద్దు మీ స్క్రీన్ మీద కొండలు, లోయల్లా వస్తుంది.

ఇక షేల్ సంగతి. హెర్సీనియన్ అనే పెద్ద భూ కదలిక వచ్చి, ట్రయాసిక్ కన్నా ముందే ఆ ప్రాంతం పైకి ఉబ్బింది, పైనున్న పాత పొరలు చాలావరకు కొట్టుకుపోయాయి. అలా చెక్కేసిన నేల మీద ట్రయాసిక్ నదులు ఇసుక పరిచాయి, ఆ పైన ఉప్పు. షేల్ మిగిలింది పక్కనున్న లోతట్టు భాగాల్లో, ముఖ్యంగా ఆగ్నేయంలో వేద్ మ్యా బేసిన్‌లో. అక్కడ ఉడికిన గ్యాస్, చెక్కుడు పడ్డ నేల దగ్గర ఇసుకరాయిలోకి ఎక్కి, ఉప్పు కిందే పాకుతూ, హాసీ ర్మెల్ దగ్గర గోపురంలా పైకి ఉబ్బిన పొరల వైపు వచ్చింది. ఉప్పు పడక ముందు పుట్టిన గ్యాస్ సంగతి అడక్కండి, నేల చెక్కుకుపోయినప్పుడే అదీ పోయింది.

ఆ గోపురం సైజు కూడా చెప్తా. సుమారు 3,500 చ.కి.మీ. ఒక కొసన దేవనహళ్ళి, ఇంకో కొసన హోసూరు పెట్టుకోండి, దాదాపు అంత పొడవు. కానీ వాలు ఒకటి రెండు డిగ్రీలు మించదు. పైన నిలబడితే మీకు ఏ గోపురమూ కనబడదు.

కృష్ణవేణి_కె
గ్యాస్ రాయి లోపల ఎక్కడుంటుంది? మా పాపకి స్కూల్ ప్రాజెక్ట్ ఉంది, కింద గుహలో ఉంటుందని బొమ్మ గీసింది.

వేళచ్చేరి_వాణి
గుహ చెరిపేయమనండి, కృష్ణవేణి గారూ. మరమరాల ఉండ తెచ్చి చూపించండి. ఇసుక రేణువులు అలా అంటుకుని ఉంటాయి, మధ్య సందుల్లో గ్యాస్. పాకం ఎక్కువైతే సందులు మూసుకుపోతాయి కదా, రాయిలో కూడా సిలికా, ఉప్పు లాంటివి ఎక్కువ పడితే అంతే. హాసీ ర్మెల్‌లో ఏ, బీ, సీ అని మూడు ఇసుకరాయి పొరలు ఉన్నాయి, అన్నీ ఒకేలా ఇవ్వవు.

కృష్ణవేణి_కె
ప్రాజెక్ట్ పూర్తయ్యేలోపు ఉండ మిగలదు. అయినా థాంక్స్.

గల్ఫ్_గోపాల్
పక్కదారి పట్టకండి. నదులు ఇసుక పరిచాయి అన్నారు, అంటే గ్యాస్ ఉన్నది నది ఇసుకలోనా? ఎడారి ఇసుకలో కాదా?

బండరాయి
ఎక్కువ భాగం నది తెచ్చినదే. ఇప్పుడు పైన ఉన్నది కూడా ఇసుక దిబ్బలు కాదు, రాళ్ల మైదానం. సినిమాల్లో చూసే సహారా అక్కడ లేదు.

అసలైన ఎడారి గ్యాస్ కావాలంటే హాలండ్ వెళ్ళాలి. గ్రోనింగెన్ ఫీల్డ్, 1959లో దొరికింది. పైన పచ్చిక, ఆవులు, కాలవలు, ఎప్పుడూ వాన. కింద రిజర్వాయర్ పెర్మియన్ కాలపు ఎడారిలో ఏర్పడిన ఇసుకరాయి, అందులో గాలి పేర్చిన ఇసుక దిబ్బలు ఉన్నాయి. దాని కింద బొగ్గు పొరలు గ్యాస్ ఇచ్చాయి, పైన మళ్ళీ ఉప్పే మూత. అంటే సహారా గ్యాస్ నది ఇసుకలో, హాలండ్ గ్యాస్ ఎడారి ఇసుకలో.

టీ_బ్రేక్
గోపాల్ గారి లెక్క ఇప్పుడు ఎంత?

గల్ఫ్_గోపాల్
రెండు చోట్లా ఉప్పు ఉంది, రెండు చోట్లా పాత ఎడారి ఉంది. నా లెక్క పెరిగిందే గానీ తగ్గలేదు.

కారకుం_కిరణ్
గోపాల్ గారికి ఇంకో పాయింట్. తుర్క్‌మెనిస్తాన్ గల్కినిష్ కూడా అంతే. కారకుం ఎడారి కింద జురాసిక్ సున్నపురాయిలో గ్యాస్, దాని మీద మందమైన ఉప్పు. మన పంజాబ్‌లోని ఫాజిల్కా దాకా తెస్తామన్న తాపీ (తుర్క్‌మెనిస్తాన్-ఆఫ్ఘనిస్తాన్-పాకిస్తాన్-ఇండియా) పైప్‌లైన్‌కి గ్యాస్ ఇవ్వాల్సింది అదే. 2015లో శంకుస్థాపన అయింది.

టీ_బ్రేక్
పేరే తాపీ. ఇంకేం తొందర.

సింగరేణి_శీను
మళ్ళీ ఉప్పు లేకుండా కూడా నడుస్తుంది అని ఎవరైనా చెప్పాలి. మండపేట దగ్గర గ్యాస్ ఉన్నది పెర్మియన్-ట్రయాసిక్ ఇసుకరాయిలో, హాసీ ర్మెల్ రాయికి వయసులో బంధువే. అక్కడ గ్యాస్‌కి మూలం మా బొగ్గుకి చుట్టమైన పెర్మియన్ బొగ్గు-షేల్ పొర. మూత మాత్రం ఉప్పు కాదు, ఎర్ర మట్టి పొరలు. కాకపోతే రాయి బిగుతు, పగలగొడితే గానీ గ్యాస్ సరిగా రాదు.

పాశర్లపూడి_అబ్బాయి
మండపేట మాట ఎత్తావు శీనన్నా, మనసు నిండింది. సహారా వాళ్ళకి మేం చుట్టాలమని ఇవాళే తెలిసింది.

వాట్సాప్_విజ్ఞాని
ఇవన్నీ కంపెనీలు చెప్పే కథలు. గ్యాస్ భూగర్భం లోతుల్లో దానంతటదే పుడుతూ ఉంటుంది, ఎప్పటికీ అయిపోదు. ఒక అమెరికా ప్రొఫెసర్ నిరూపించాడు.

వేళచ్చేరి_వాణి
థామస్ గోల్డ్ గురించైతే, ఆయన నిరూపించలేదు, ప్రతిపాదించాడు. ఆయన మాట మీద స్వీడన్‌లో సిల్యాన్ దగ్గర గ్రానైట్‌లో 6 కి.మీ. పైన లోతుకి తవ్వారు, అమ్ముకోదగ్గ గ్యాస్ దొరకలేదు. హాసీ ర్మెల్‌లో గ్యాస్ తోడేకొద్దీ ఒత్తిడి పడిపోతూనే ఉంది. దానంతటదే పుడుతుంటే ఎందుకు పడుతుంది?

డ్రిల్లింగ్_తాత
ఒత్తిడి పడిపోవడం మామూలు తలనొప్పి కాదు. ఆ గ్యాస్‌లో కండెన్సేట్ ఉంటుంది, పెట్రోలు లాంటి తేలిక ద్రవం. రాయి లోపల ఒత్తిడి ఒక హద్దు దాటి తగ్గితే అది లోపలే ద్రవమై సందుల్లో చిక్కుకుపోతుంది, ఇక బయటికి రాదు. అందుకని గ్యాస్ తోడి, కండెన్సేట్ వేరు చేసి, ఎండు గ్యాస్‌ని మళ్ళీ కంప్రెసర్లతో కిందికి నెట్టేవాళ్ళు. ఉత్తరాన ఒక స్టేషన్, దక్షిణాన ఒకటి. తోడిన గ్యాస్ అమ్మకుండా మళ్ళీ భూమిలో పోయడమేంటని కొత్తవాళ్ళు నోరెళ్ళబెట్టేవారు. మధు బాబూ, నీ డేటాలో ఇంజెక్షన్ బావులు వేరే ఉంటాయి, వాటిని ఉత్పత్తిలో కలిపేశావంటే లెక్క గాల్లో కలుస్తుంది.

మారతహళ్ళి_మధు
కలిపేసి ఉన్నాయి తాతగారూ, ఇప్పుడే చూశా. నెగటివ్ నంబర్లు ఎర్రర్ అనుకుని మా టీమ్‌లో ఒకతను అన్నిటికీ గుర్తు మార్చేశాడు.

డ్రిల్లింగ్_తాత
అయ్యయ్యో. శుక్రవారం లోపు సరిచెయ్యి నాయనా.

ఉప్మా_వ్యతిరేకి
మా ఇంట్లో పైపు గ్యాస్ వస్తోంది. అది హాసీ ర్మెల్‌దా?

కారకుం_కిరణ్
కష్టం. అక్కణ్ణుంచి ఎగుమతయ్యే గ్యాస్ ఎక్కువగా యూరప్‌కి వెళ్తుంది, 1983 నుంచి ఇటలీకి, 1996 నుంచి స్పెయిన్‌కి సముద్రం కింద పైపుల్లో. ద్రవంగా మార్చి ఓడల్లో అమ్మడం కూడా 1964లో అల్జీరియా నుంచే మొదలైంది, అర్జూ రేవు నుంచి ఇంగ్లండ్‌కి. మనకి వచ్చే ఎల్‌ఎన్‌జీలో పెద్ద వాటా ఖతార్‌ది.

గల్ఫ్_గోపాల్
ఖతార్, ఎడారి. నమోదు చేసుకోండి.

పాశర్లపూడి_అబ్బాయి
సముద్రం కింద అని పొద్దున్నే చెప్పా కదన్నా!

శ్రీకాకుళం_ఫ్రెషర్
ఎంఎస్సీ జియాలజీ అయిపోయింది, బెంగళూరులో రూమ్ తీసుకుని ఉద్యోగం వెతుకుతున్నా. ఇలాంటి ఫీల్డుల్లో చేరాలంటే ఏం చెయ్యాలి తాతగారూ?

డ్రిల్లింగ్_తాత
ముందు మడ్ లాగింగ్‌లో చేరు, జీతం తక్కువైనా రాయి చేతికి తగులుతుంది. మడ్‌తో పైకొచ్చిన రాతి ముక్కలు (కటింగ్స్) కడిగి మైక్రోస్కోప్ కింద చూసి, ఉప్పు ఎక్కడ అయిపోయిందో, ఇసుకరాయి ఎక్కడ మొదలైందో నువ్వే చెప్పాలి. అల్జీరియా అయితే కాస్త ఫ్రెంచ్ నేర్చుకో, పాత రిపోర్టులన్నీ అందులోనే ఉంటాయి. నాకు మెసేజ్ పెట్టు, నీ రెజ్యూమే చూస్తాను.